మీరు నాకింకా అయిదు పౌండ్లు బాకీ

షార్లెట్ బ్రాంటీ రాసిన ‘జేన్ ఎయిర్’ పేరు ఎత్తగానే అందరికీ గుర్తొచ్చే ఘట్టాలు కొన్ని ఉన్నాయి. పదేళ్ల పిల్లను ఎర్రగదిలో పెట్టి తాళం వెయ్యడం, రాత్రిపూట తోటలో రోచెస్టర్ పెళ్లి మాట ఎత్తడం, తీరా చర్చిలో ఆ పెళ్లి ఆగిపోవడం, మూడో అంతస్తులో ఏళ్లుగా బందీగా ఉన్న మొదటి భార్య సంగతి బయటపడటం. ఇవన్నీ గొప్ప ఘట్టాలే. కానీ ఈ నవలలో అసలు తిరుగుబాటు ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను చూపించేది వీటిలో ఏదీ కాదు. జీతం డబ్బుల దగ్గర నడిచిన ఒక చిన్న పేచీని చూపిస్తాను.

జేన్ అప్పటికి థార్న్‌ఫీల్డ్ అనే పెద్ద బంగళాలో గవర్నెస్. యజమాని రోచెస్టర్ సంరక్షణలో ఉన్న అడెల్ అనే చిన్నపిల్లకు చదువు చెబుతుంటుంది. జీతం ఏడాదికి 30 పౌండ్లు. చిన్నప్పుడు తనను పెంచిన, పెంచినన్నాళ్లూ ఏడిపించిన మేనమామ భార్య చావుబతుకుల్లో ఉందని కబురొస్తే వెళ్లడానికి సెలవు అడుగుతుంది. నీ దగ్గర ఎంతుందని రోచెస్టర్ అడుగుతాడు. పర్సు తీసి చూపిస్తుంది. అయిదు షిల్లింగులు, అంటే పావు పౌండు. అతను వాటిని అరచేతిలో పోసుకుని ముచ్చటపడి నవ్వుతాడు. తర్వాత 50 పౌండ్ల నోటు తీసి ఇస్తాడు. ఆమెకు రావాల్సింది 15. నా దగ్గర చిల్లర లేదు అంటుంది జేన్. చిల్లర ఎవరడిగారు, నీ జీతం తీసుకో అంటాడు అతను. రావాల్సిన దానికంటే ఎక్కువ తీసుకోనంటుంది. అతను మొహం చిట్లిస్తాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు, చేతిలో 50 ఉంటే మూడు నెలలు అక్కడే ఉండిపోతావేమో, ఇదిగో 10, చాలదా అంటాడు.

“చాలు సర్. కానీ మీరు నాకింకా అయిదు బాకీ.”

మాట అక్కడితో ఆగదు. మీకు పెళ్లి కాబోతోంది కదా, నేను ఇంకో కొలువు చూసుకోవాలి, పత్రికలో ప్రకటన ఇస్తాను అని జేన్ చెబుతుంది. అతనికి ఉక్రోషం వస్తుంది. ఇచ్చిన పదిలో తొమ్మిది తిరిగి ఇచ్చెయ్, వాటితో నాకు పనుంది అంటాడు. నాకూ వాటితో పనుంది సర్ అంటూ పర్సు పట్టుకున్న చేతులు వీపు వెనక్కి పెట్టుకుంటుంది. పోనీ అయిదు పౌండ్లు ఇవ్వు. అయిదు షిల్లింగులు కూడా ఇవ్వను, అయిదు పెన్నీలు కూడా ఇవ్వను. ఒక్కసారి చూడనివ్వు. ఊహూఁ, మిమ్మల్ని నమ్మడానికి లేదు.

ఇద్దరి మధ్యా అప్పటికే ప్రేమ ఉంది, పైకి మాత్రం ఎవరూ అనలేదు. అందుకే ఆ సంభాషణ సరసంలా సాగుతుంది. కానీ అందులో జేన్ రెండు విషయాల దగ్గర కదలదు. తనది కానిది ఒక్క పెన్నీ తీసుకోదు, తనకు రావాల్సింది ఒక్క పెన్నీ వదలదు. ఆమె తిరుగుబాటు మొత్తం ఈ రెండు పట్టుదలల మీదే నడుస్తుందని నా నమ్మకం. ప్రేమ కోసం లోకాన్ని ఎదిరించిన నాయికగానో, నీతి కోసం ప్రేమను వదులుకున్న నాయికగానో ఆమెను చదవడం మనకు అలవాటు. ఆ రెండు చదువులూ జేన్‌ను చిన్నది చేస్తాయి.

నవల మొదటి పేజీల నుంచే డబ్బు ప్రస్తావన ఉంది. తల్లీతండ్రీ లేని జేన్ గేట్స్‌హెడ్‌లో మేనమామ ఇంట్లో ఉంటుంది. మేనమామ కూడా పోయాడు. కిటికీ అరుగు మీద, ఎర్ర తెర చాటున కూర్చుని పక్షుల బొమ్మల పుస్తకం చూసుకుంటున్న ఆ పిల్లను 14 ఏళ్ల జాన్ రీడ్ బయటికి లాగుతాడు. మా పుస్తకాలు ముట్టుకునే హక్కు నీకెక్కడిది, నువ్వు మా మీద పడి బతుకుతున్నదానివని అమ్మ చెప్పింది, నీకు డబ్బు లేదు, మీ నాన్న ఏమీ మిగల్చలేదు, అడుక్కు తినాల్సినదానివి అంటాడు. అదే పుస్తకం ఆమె మీదకు విసురుతాడు. తల తలుపుకి తగిలి చిట్లి నెత్తురు కారుతుంది. ఆ పిల్ల తిరగబడుతుంది. నువ్వు బానిసల్ని కొట్టించేవాడి లాంటివాడివి, రోమన్ చక్రవర్తుల లాంటివాడివి అని అరుస్తుంది. అప్పుడు ఇంట్లో పనిచేసే మనిషి చెప్పే బుద్ధి ఏమిటంటే, నువ్వు పనివాళ్లకన్నా తక్కువ, తిన్న తిండికి తగ్గ పని కూడా ఏమీ చెయ్యవు.

ఈ మాట జేన్‌లో జీవితాంతం ఉండిపోతుంది. బ్రాంటీ దీన్ని ఎక్కడా విడమరిచి చెప్పదు. కానీ తర్వాత జేన్ చేసే ప్రతి పనిలోనూ ఆ మాటకు జవాబు కనిపిస్తుంది. పరాయి పంచన బతికే ఆడపిల్ల నుంచి లోకం కోరేది కృతజ్ఞత. తిండి పెట్టారు, బట్ట ఇచ్చారు, నోరు మూసుకుని పడి ఉండాలి. జేన్ ఇవ్వనిది అదొక్కటే.

ఆ కాలపు విమర్శకులు ఇది కనిపెట్టారు. 1847 అక్టోబరులో కరర్ బెల్ అనే మారుపేరుతో నవల వచ్చింది. బాగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో క్వార్టర్లీ రివ్యూ పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ రాసిన సమీక్ష మాత్రం నిప్పులు చెరిగింది. దేవుడు జేన్‌ను అనాథగా, దిక్కులేనిదానిగా, చిల్లిగవ్వ లేనిదానిగా పుట్టించాడు, అయినా తిండీ బట్టా చదువూ ఇచ్చినవాళ్లలో ఒక్కరికీ ఆమె కృతజ్ఞత చెప్పదు, దేవుడికి అసలే చెప్పదు అన్నది ఆమె ఆరోపణ. యూరప్‌లో ప్రభుత్వాలను కూలదోస్తున్న ధోరణి, ఇంగ్లండ్‌లో కార్మికుల ఓటుహక్కు కోసం నడిచే చార్టిస్టు ఉద్యమాన్ని పెంచి పోషిస్తున్న ధోరణి ఏదో ఈ నవలను రాయించిందీ అదే అని తేల్చింది. 1848 అంటే పారిస్, వియన్నా, బెర్లిన్‌లు అట్టుడికిన ఏడాది. ఒక గవర్నెస్ తన కథ చెప్పుకుంటే అందులో విప్లవం వాసన తగిలిందామెకు. తగలాల్సిందే. రచయిత్రి మీద కోపంతో రాసిన ఆ సమీక్ష, ప్రేమకథగా మెచ్చుకున్న చాలా సమీక్షలకంటే నవలను బాగా అర్థం చేసుకుందని నేననుకుంటాను.

చిన్న జేన్‌లో కృతజ్ఞతతో పాటు భయం కూడా లేదు. లోవుడ్ అనే ధర్మపాఠశాల నడిపే బ్రాకిల్‌హర్స్ట్ ఆమెను చూడ్డానికి వచ్చి, నరకంలో పడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి అని అడుగుతాడు. ఆరోగ్యంగా ఉండాలి, చచ్చిపోకుండా ఉండాలి అంటుంది. కొంటెతనం కోసం అన్న మాట కాదు. ఆలోచించి చెప్పిన జవాబే. ఆ బడిలో పిల్లల జుట్టు సహజంగా రింగులు తిరిగి ఉన్నా కత్తిరించమని అతను హుకుం జారీ చేస్తున్న సమయానికే అతని భార్యా కూతుళ్లూ వెల్వెట్ బట్టలతో, ఉంగరాల జుట్టుతో లోపలికి వస్తారు. బ్రాంటీ వ్యాఖ్యానం ఏమీ చెయ్యదు. వాళ్లు కట్టుకున్న బట్టలు వర్ణించి ఊరుకుంటుంది.

లోవుడ్ వెనక ఉన్నది ఊహ కాదు. బ్రాంటీ అక్కలు మరియా, ఎలిజబెత్ ఇద్దరూ కోవన్ బ్రిడ్జ్‌లో అలాంటి బడిలోనే చదువుతూ జబ్బు పడి, ఇంటికి తిరిగొచ్చి 1825లో చనిపోయారు. నవలలో సహనమూర్తి హెలెన్ బర్న్స్‌కు మూలం మరియా అని అందరూ చెప్పేదే. హెలెన్ ఓర్చుకోమంటుంది. కారణం లేకుండా కొట్టినవాణ్ని ఇంకోసారి చెయ్యెత్తకుండా గట్టిగా తిరిగి కొట్టాలంటుంది జేన్. ఇద్దరిలో ఎవరు బతికారో కథే చెబుతుంది.

లోవుడ్‌లో టీచరుగా జేన్ జీతం 15 పౌండ్లు. థార్న్‌ఫీల్డ్‌లో దానికి రెట్టింపు. ఈ అంకెలు ఊరికే పడినవి కావు. బ్రాంటీ స్వయంగా గవర్నెస్‌గా చేసింది. 1841లో ఒక కుటుంబంలో ఆమె జీతం 20 పౌండ్లు, అందులో 4 పౌండ్లు బట్టల ఉతుకుడుకే కోసుకునేవాళ్లు. మధ్యతరగతి ఇంట పుట్టి, చదువుకుని, ఆస్తి లేని పెళ్లికాని స్త్రీకి ఆ రోజుల్లో గౌరవంగా బతకడానికి ఉన్న దారి దాదాపు అదొక్కటే. గవర్నెస్ ఇంటివాళ్లతో సమానం కాదు, పనివాళ్లలో ఒకతీ కాదు. చుట్టాలు హాల్లో నవ్వుతూ మాట్లాడుకుంటుంటే ఆమె ఒక మూల కుట్టుపని పట్టుకుని కూర్చోవాలి. రోచెస్టర్‌ను చేసుకోబోతుందని అందరూ అనుకునే బ్లాంచ్ ఇంగ్రమ్, ఆమె తల్లి, జేన్ వింటుండగానే గవర్నెస్‌లందరినీ ఎగతాళి చేసే ఘట్టం చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రాయాలనే కోరికకు కూడా అలాంటి జవాబే వచ్చింది. ఆస్థానకవి రాబర్ట్ సదీకి బ్రాంటీ తన కవితలు పంపితే, సాహిత్యం స్త్రీ జీవితానికి వృత్తి కాజాలదు, కాకూడదు అని 1837లో ఆయన ఉత్తరం రాశాడు. పదేళ్లకు బ్రాంటీ తన జేన్‌ను థార్న్‌ఫీల్డ్ డాబా ఎక్కించి దూరంగా దిగంతం వైపు చూపు సారింపజేసింది. అక్కడ జేన్ అనుకునే మాటలు ఇవీ: ఆడవాళ్లు శాంతంగా ఉంటారని అంటారు, కానీ మగవాళ్లకు ఏ అనుభూతులున్నాయో ఆడవాళ్లకూ అవే ఉన్నాయి, తమ శక్తులకు పని కావాలి, పుడ్డింగులు చేసుకుంటూ, మేజోళ్లు అల్లుకుంటూ, పియానో వాయించుకుంటూ, సంచులకు ఎంబ్రాయిడరీ కుట్టుకుంటూ ఉండండని చెప్పడం వాళ్లకంటే ఎక్కువ సౌకర్యాలున్నవాళ్ల సంకుచితత్వం. ఆ వెంటనే పై అంతస్తులోంచి ఒక నవ్వు వినిపిస్తుంది. ఈ చోట కథనం తెగిందని, రచయిత్రి కోపం కథలోకి చొరబడిందని 1929లో వర్జీనియా వూల్ఫ్ తప్పుపట్టింది. నాకు అది తెగినట్టు అనిపించదు. స్వేచ్ఛ గురించి ఒక స్త్రీ ఆలోచిస్తున్న క్షణాన తాళం వేసిన గదిలోంచి ఇంకో స్త్రీ నవ్వు వినిపించడం కంటే గట్టి అతుకు ఏముంటుంది?

ఇక పెళ్లి నిశ్చయమయ్యాక వచ్చే అధ్యాయం దగ్గర కాస్త ఆగాలి. చాలామంది దీన్ని కథ తిరిగే మలుపుల మధ్య ఖాళీగా చూసి దాటేస్తారు. నా లెక్కలో నవలకు గుండెకాయ ఇదే.

రోచెస్టర్ జేన్‌ను మిల్‌కోట్ పట్టణానికి పట్టుబట్టల దుకాణానికి తీసుకెళ్తాడు. అరడజను గౌన్లకు బట్ట తీసుకోమంటాడు. బతిమాలి, గుసగుసగా వాదించి, రెండుకు దింపుతుంది. ఆ రెండూ తనే ఎంచుతానని అతను మెరిసే ఊదారంగు పట్టు ఒకటి, కళ్లు చెదిరే గులాబీరంగు సాటిన్ ఒకటి తీస్తాడు. ఎంతో కష్టం మీద అతణ్ని నల్ల సాటిన్‌కు, ముత్యపు బూడిదరంగు పట్టుకు ఒప్పిస్తుంది. తర్వాత నగల కొట్టు. అతను కొనేకొద్దీ ఆమె చెంపలు చిరాకుతో, అవమానంతో మండుతాయి. ప్రేమించిన మగవాడు పట్టుబట్టలు కొనిపెడుతుంటే నాయిక మురిసిపోవాలి. ఆ కాలపు నవలల్లోనే కాదు, చాలాకాలం తర్వాతి నవలల్లోనూ అదే ఆనవాయితీ. ఈమె మాత్రం బొమ్మకు అలంకరించినట్టు తనను అలంకరిస్తుంటే భరించలేనని చెబుతుంది. పెళ్లయ్యాక కూడా అడెల్‌కు గవర్నెస్‌గానే ఉంటాను, నా తిండీ వసతీ, ఆ 30 పౌండ్లూ సంపాదించుకుంటాను, ఆ డబ్బుతోనే నా బట్టలు కొనుక్కుంటాను, మీరు నాకు ఇవ్వాల్సింది మీ ఆదరణ ఒక్కటే అంటుంది.

పెళ్లాంగా వెళ్తూ ఉద్యోగం వదలనంటున్న మనిషి! ఆ మాట ఆమె సరదాకి అనడం లేదు. ఎందుకంటే అదే బండిలో తిరిగొస్తూ ఒక నిర్ణయం తీసుకుంటుంది. మెడీరా దీవిలో జాన్ ఎయిర్ అనే బాబాయి ఉన్నాడని, తనను వారసురాలిని చేయాలని ఎప్పుడో ఉత్తరం రాశాడని ఆమెకు తెలిసింది. తనకంటూ కొంచెం ఆస్తి ఉంటే రోచెస్టర్ కొనిపెట్టే బొమ్మలా బతకక్కర్లేదు. ఇంటికెళ్లగానే బాబాయికి ఉత్తరం రాస్తుంది, పెళ్లి చేసుకోబోతున్నానని.

ఆ ఉత్తరమే పెళ్లిని ఆపింది. అది మెడీరా చేరేసరికి, జమైకాకు తిరిగి వెళ్తూ రిచర్డ్ మేసన్ దారిలో ఆగి ఆ బాబాయి ఇంట్లోనే ఉన్నాడు. రోచెస్టర్ పేరు వినగానే అతను ఉలిక్కిపడ్డాడు, ఎందుకంటే రోచెస్టర్ భార్య బెర్తా అతని తోబుట్టువు. చర్చిలో పెళ్లిని అడ్డుకున్నది అందుకే. కథ నిర్మాణాన్ని ఒకసారి చూడండి. దైవం వచ్చి జేన్‌ను కాపాడలేదు, ఎవరి నీతిబోధా కాపాడలేదు. ఒకరి మీద ఆధారపడి బతకనన్న ఆమె పంతమే ఆమెను కాపాడింది. ఆ ఉత్తరం రాయకపోతే, పట్టుబట్టలకు మురిసిపోయి ఉంటే, ఆమె చెల్లని పెళ్లిలో, తనకు తెలియకుండానే ఉంపుడుగత్తెగా మిగిలిపోయేది. బ్రాంటీ ఎంత తెలిసి ఈ ముడి వేసిందో!

అదే అధ్యాయంలో మనలాంటి పాఠకులకు గుచ్చుకునే మాటలు కొన్ని ఉన్నాయి. రోచెస్టర్ పియానో వాయిస్తూ, ప్రియురాలు నాతో బతుకుతానని, నాతోనే చస్తానని మాట ఇచ్చిందనే పాట పాడతాడు. జేన్ ఒప్పుకోదు. నా సమయం వచ్చినప్పుడు చచ్చే హక్కు మీకెంత ఉందో నాకూ అంతే ఉంది, ఆ సమయం దాకా ఆగుతాను, సతీసహగమనానికి పరిగెత్తను అంటుంది. బెంగాల్ ప్రెసిడెన్సీలో బెంటింక్ సతిని నిషేధించింది 1829లో. నవల వచ్చేనాటికి ఇంగ్లండ్ ఇళ్లలో ఆ మాట అందరికీ తెలుసు. ఇంకోచోట సుల్తాను అంతఃపురం ప్రస్తావన వస్తే, నేను మిషనరీగా వెళ్లి మీ అంతఃపురంలో ఆడవాళ్లకు స్వేచ్ఛ బోధించి తిరుగుబాటు లేవదీస్తానంటుంది. చదువుతుంటే ఒకపక్క ఉత్సాహం వస్తుంది, ఇంకోపక్క చివుక్కుమంటుంది. తన ఇంట్లో ఆడదాని బానిసత్వాన్ని కొలవడానికి ఆమెకు తూర్పుదేశపు ఆడవాళ్లు కొలబద్దగా పనికొచ్చారు. వాళ్లకు సొంతంగా ఒక మాట ఉంటుందన్న ఆలోచన ఆమెకు రాలేదు.

పెళ్లి ఆగాక రోచెస్టర్ కాళ్లావేళ్లా పడతాడు. దక్షిణ ఫ్రాన్సులో, మధ్యధరా తీరాన తెల్లగోడల ఇల్లుంది, అక్కడ భార్యలా బతుకుదాం అంటాడు. జేన్ వెళ్లిపోవడాన్ని క్రైస్తవ నీతికి కట్టుబడటంగా చదువుతారు. ఆ నీతి ఉంది, కాదనను. కానీ అంతకుముందే రోచెస్టర్ నోటి నుంచి ఒక మాట జారింది. సెలీన్, జియాసింటా, క్లారా అనే తన పాత ప్రియురాళ్ల గురించి చెబుతూ, ఉంపుడుగత్తెను పెట్టుకోవడం బానిసను కొనడం తర్వాత అంతటి చెడ్డపని, వాళ్లు మనకంటే తక్కువవాళ్లు, అలాంటివాళ్లతో కలిసి బతకడం మనల్ని దిగజారుస్తుంది అంటాడు. జేన్ ఆ మాట పట్టుకుంటుంది. రేపు నేనూ ఆ వరసలో చేరితే, ఇప్పుడు వాళ్లను తలుచుకుంటున్నట్టే నన్నూ తలుచుకుంటాడు. పైకి ఒక్క ముక్క అనదు. మనసులో రాసి పెట్టుకుంటుంది. లోపల మనసు మాత్రం ఎదురు తిరుగుతుంది, నీ గురించి పట్టించుకునేవాళ్లు ఈ లోకంలో ఎవరున్నారు, నువ్వేం చేస్తే ఎవరికి నష్టం అని. నా గురించి నేను పట్టించుకుంటాను, ఎంత ఒంటరిదాన్నైతే, ఎంత దిక్కులేనిదాన్నైతే అంతగా నన్ను నేను గౌరవించుకుంటాను అన్నది ఆమె జవాబు.

ఈ జవాబుకు ఖరీదు ఉంది, బ్రాంటీ దాన్ని దాచలేదు. రోచెస్టర్ ఇచ్చిన ముత్యాల హారం అక్కడే వదిలేసి, తన సొంత 20 షిల్లింగులతో జేన్ బయటపడుతుంది. అవి బండివాడికే సరిపోతాయి. అతను అడిగింది 30. ఉన్న డబ్బు అయినంత దూరం తీసుకెళ్లి ఒక నాలుగు రోడ్ల కూడలిలో దింపేస్తాడు. బట్టల మూట బండిలోనే మర్చిపోయింది. బ్రెడ్డు కొట్టులో రుమాలు ఇస్తాను, చేతితొడుగులు ఇస్తాను, ఒక రొట్టె ఇవ్వమని అడగబోయి సిగ్గుతో ఆగి, మళ్లీ వెళ్లి అడిగి లేదనిపించుకుంటుంది. చివరికి పంది తొట్టిలో పారబోయబోతున్న చల్లారిన గంజిముద్ద ఒక చిన్నపిల్లను అడిగి తింటుంది. ఇల్లు వదిలి వెళ్లిన నాయికలు సాహిత్యంలో చాలామందే ఉన్నారు. గడప దాటిన మూడో రోజు ఆకలి ఎలా ఉంటుందో ఇంత దగ్గర నుంచి చూపించినవాళ్లు తక్కువ.

ఆ తర్వాత వచ్చే సెయింట్ జాన్ రివర్స్ అనే యువ మతాధికారి ఘట్టం చాలామందికి విసుగు. నాకు మాత్రం రోచెస్టర్‌ను కాదనడం కంటే ఇతణ్ని కాదనడమే కష్టమైన పని అనిపిస్తుంది. ఆకలితో పడిపోయినప్పుడు ఆశ్రయమిచ్చాడు. పల్లెటూరి బడిలో ఏడాదికి 30 పౌండ్ల పని చూపించాడు. అందగాడు, చదువుకున్నవాడు, తప్పు చెయ్యనివాడు. మిషనరీగా ఇండియా వెళ్తూ ఆమెను భార్యగా రమ్మంటాడు. అప్పటికే జర్మన్ మాన్పించి హిందుస్తానీ నేర్పుతుంటాడు. నిన్ను దేవుడు పుట్టించింది ప్రేమ కోసం కాదు, శ్రమ కోసం అంటాడు. ఇండియాకు వస్తాను, పని చేస్తాను, కానీ చెల్లెలిగా వస్తాను, భార్యగా కాదు అంటుంది జేన్. ముప్పై నిండని మగవాణ్ని నేను, 19 ఏళ్ల పిల్లను పెళ్లి లేకుండా ఎలా తీసుకెళ్లను అంటాడు. శ్రమకు ఆమె సిద్ధం. చావుకు కూడా సిద్ధమే. తనను ప్రేమించని మనిషికి శరీరాన్నీ మనసునూ ధర్మం పేరిట అప్పగించడానికి సిద్ధంగా లేదు. మీరు నన్ను చంపేస్తున్నారు అని అతని మొహం మీదే చెబుతుంది. మంచివాడి మాటకు లోబడకపోవడం ఆడదానికి ఎంత కష్టమో, చెడ్డవాడి మాటకు లోబడకపోవడం దాని ముందు ఎంత తేలికో, ఈ అధ్యాయాలు చదివితే తెలుస్తుంది.

మెడీరా బాబాయి చనిపోయి 20,000 పౌండ్లు జేన్‌కు వస్తాయి. రివర్స్ కుటుంబం తన మేనత్త పిల్లలని అప్పుడే తెలుస్తుంది. డబ్బును నాలుగు వాటాలు చేస్తుంది, తలా 5,000. సెయింట్ జాన్ ఆమెకు మతి పోయిందనుకుంటాడు. న్యాయంగా రావాల్సినంతే చాలన్న లెక్క ఇక్కడ కూడా అదే, అంకె ఒక్కటే పెరిగింది.

ఇక్కడిదాకా నేను జేన్ పక్షమే. కానీ ఈ లెక్కలో ఒక పద్దు ఆమె రాయలేదు.

బెర్తా మేసన్ కట్నం 30,000 పౌండ్లు. రోచెస్టర్ తండ్రి ఆస్తి మొత్తం పెద్దకొడుక్కే ఇవ్వాలనుకున్నాడు, చిన్నవాడికి జమైకా నుంచి డబ్బున్న పిల్లను తెచ్చాడు. ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెళ్లితో భార్య డబ్బు భర్తదైపోయేది. భార్యకు పిచ్చి అన్న కారణంతో విడాకులు దొరికేవి కావు. కాబట్టి డబ్బు అతనికి, ఆమెకు మూడో అంతస్తులో కిటికీ లేని గది, కాపలాకు ఒక మనిషి. పరాధీనత అంటే ఏమిటో జేన్ చిన్నప్పటి నుంచి భయపడిన దాని పూర్తి రూపం అదే ఇంట్లో, తను పడుకునే గది పైన ఉంది. నవలలో మాత్రం బెర్తా ఒక జంతువులా నాలుగుకాళ్ల మీద పాకుతూ కనిపిస్తుంది. ఆమెకు ఒక్క వాక్యం మాట లేదు. ఆమె కథ మనం విన్నదంతా భర్త నోటి నుంచే. జేన్ ఒక్కసారి అడ్డు చెబుతుంది, ఆ దురదృష్టవంతురాలి గురించి ఇంత ద్వేషంతో మాట్లాడటం క్రూరం, పిచ్చి ఆమె తప్పు కాదు కదా అని. అంత మాత్రం అన్నందుకు జేన్‌కు దణ్ణం పెట్టాలి. అయితే ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఆ గది తలుపు తియ్యండి అని రోచెస్టర్‌తో ఆమె అనలేదు.

ఇంకో సంగతి ఉంది. మెడీరా బాబాయి జమైకాలోని మేసన్ల వ్యాపారానికి ఆ దీవిలోని ఫుంచాల్ పట్టణంలో ప్రతినిధి. జేన్‌ను స్వతంత్రురాలిని చేసిన డబ్బుకు, బెర్తాను కట్నంతో పాటు పంపించిన వ్యాపారానికి బంధుత్వం ఉందన్నమాట. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చట్టం 1833లో వచ్చింది. జమైకా సంపద అంతకుముందు ఎవరి చెమటో చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు బానిసల్ని కొట్టించేవాడివి అని జాన్ రీడ్‌ను తిట్టిన పిల్ల, తన 5,000 పౌండ్లు ఎక్కడి నుంచి వచ్చాయని ఎప్పుడూ అడగలేదు. డొమినికాలో పుట్టిన జీన్ రిస్ 1966లో బెర్తా వైపు నుంచి ఇంకో నవల రాసి ఆ మూగనోటికి మాట ఇచ్చింది. పాశ్చాత్య స్త్రీ తనను తాను మనిషిగా నిలబెట్టుకోవడానికి ఇక్కడ వలస దేశపు స్త్రీ నిప్పంటించుకుని చావాల్సి వచ్చిందని సాహిత్య విమర్శకురాలు గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1985లో వాదించింది. ఆ వాదన చదివాక జేన్‌ను మునుపటిలా చదవడం కుదరదు. చదవకూడదు కూడా. జేన్ తిరుగుబాటు నిజమైనదే. దానికి హద్దు ఉన్నదీ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచితే, పైసా తేడా రానివ్వని ఆ మనిషికే అన్యాయం చేసినట్టు.

బెర్తా పెట్టిన మంటలో థార్న్‌ఫీల్డ్ కాలిపోతుంది. బెర్తా పైకప్పు మీద నుంచి దూకి చనిపోతుంది. రోచెస్టర్‌కు చూపు పోతుంది, ఒక చెయ్యి పోతుంది. జేన్ తిరిగి వస్తుంది. నేను ధనవంతురాలిని, స్వతంత్రురాలిని, నా మీద నాదే అధికారం అని చెబుతుంది. మీ ఇంట్లో ఉండనివ్వకపోతే మీ గుమ్మం పక్కనే నా ఇల్లు నేను కట్టుకుంటాను అంటుంది. తర్వాత అతణ్ని పెళ్లి చేసుకుంటుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఒక సందేహం వస్తుంది. పెళ్లయిన క్షణం నుంచి ఆ 5,000 పౌండ్లు ఎవరివి? భర్తవే. ముందుగా ఒప్పందపత్రం రాయించుకుని డబ్బును ధర్మకర్తల చేతిలో పెడితే తప్ప ఆమెవి కావు. భార్య తను సంపాదించుకున్న జీతాన్ని తనదిగా ఉంచుకోవడానికి 1870 చట్టం దాకా, మొత్తం ఆస్తిని ఉంచుకోవడానికి 1882 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అయిదు పౌండ్ల బాకీని గుర్తు చేసిన జేన్ ఈ 5,000 గురించి ఏం ఏర్పాటు చేసుకుందో నవల చెప్పదు. పదేళ్ల కాపురం సుఖంగా సాగిందని మాత్రం చెబుతుంది.

బ్రాంటీ తన విషయంలో అలా వదిలెయ్యలేదు. 1854 జూన్‌లో, తండ్రి దగ్గర సహాయ మతాధికారిగా పనిచేసిన ఆర్థర్ బెల్ నికల్స్‌ను చేసుకుంది. అంతకు నెల ముందు, మే నెలలో, తన పుస్తకాల మీద వచ్చిన డబ్బు భర్త చేతికి పోకుండా తన పేరిటే ఉండేలా ఒప్పందపత్రం రాయించి సంతకం పెట్టింది. కాపురం బాగుంది, అతణ్ని ప్రేమించింది కూడా. 1855లో మంచం పట్టి, ఫిబ్రవరిలో వీలునామా రాసి అంతా భర్తకే ఇచ్చింది. మార్చి 31న చనిపోయింది. మే నెలలో పెట్టిన ఆ సంతకం లేకపోతే, ఫిబ్రవరిలో ఇవ్వడానికి ఆమెదంటూ ఏమీ ఉండేది కాదు.